వేణ్నీళ్లకు చన్నీళ్లు తోడు: మిశ్రమాల లెక్క ఇంట్లోనే సరిగ్గా రాబట్టడం ఎలా?

"80 డిగ్రీల నీళ్లు ఒక గ్లాసు, 30 డిగ్రీల నీళ్లు ఒక గ్లాసు కలిపితే 55 రావాలి కదా, నాకు 51 వచ్చింది. సూత్రం తప్పా, థర్మామీటరు తప్పా?" హైస్కూలు పిల్లలు, వారితో ప్రాజెక్టు చేయించే తల్లిదండ్రులు, చివరికి కొందరు ఉపాధ్యాయులు కూడా అడిగే ప్రశ్న ఇది. సూత్రం తప్పు కాదు. థర్మామీటరు కూడా సాధారణంగా నిర్దోషే. లెక్కలో వేడినీళ్లు, చన్నీళ్లు మాత్రమే ఉన్నాయని మనం అనుకుంటాం. గ్లాసు, గాలి, కలిపే చెంచా, పైకి లేచే ఆవిరి కూడా పిలవని పేరంటానికి వచ్చి తలా కాస్త వేడి పట్టుకుపోతాయి. వాటిని ఆపగలిగినంత ఆపాలి, ఆపలేని వాటిని లెక్కలో రాసుకోవాలి. ఈ ప్రయోగంలో నేర్పంతా అక్కడే ఉంది.

సిద్ధాంతం రెండు మాటల్లో చెప్పుకుందాం. వేడి వస్తువు, చల్లని వస్తువు ఒకదాన్నొకటి తాకితే రెండింటి ఉష్ణోగ్రత ఒకటయ్యేదాకా వేడి నుంచి చల్లదానికి ఉష్ణం పోతుంది. ఆ స్థితే ఉష్ణ సమతాస్థితి. బయటికి ఏమీ పోకపోతే వేడి వస్తువు కోల్పోయిన ఉష్ణం, చల్లని వస్తువు గ్రహించిన ఉష్ణం సమానం. ఉష్ణం = ద్రవ్యరాశి × విశిష్టోష్ణం × ఉష్ణోగ్రతలో మార్పు. నీటి విశిష్టోష్ణం 1, అంటే ఒక గ్రాము నీటిని ఒక డిగ్రీ వేడెక్కించడానికి ఒక కెలోరీ కావాలి. మనకు ఇంతవరకు చాలు.

కావలసినవి

- గ్రాముల్లో చూపే వంటింటి డిజిటల్ కాటా.
- 0 నుంచి 110 డిగ్రీల దాకా చూపే థర్మామీటరు. ప్రయోగశాలలో వాడే గాజుదైనా, వంటకు వాడే డిజిటల్ మొనదైనా సరే. పదోవంతు డిగ్రీ చూపితే మరీ మంచిది.
- థర్మోకోల్ టీ కప్పులు నాలుగు. రెండేసి కప్పులు ఒకదానిలో ఒకటి దూర్చి వాడాలి. లోహపు ముక్కల ప్రయోగానికి అర లీటరు పట్టే థర్మోకోల్ డబ్బా ఒకటి.
- కప్పు పడిపోకుండా నిలబెట్టడానికి స్టీలు మగ్గు, మూతగా అట్టముక్క (థర్మామీటరు పట్టేంత రంధ్రం చేసి).
- ఇనుప నట్లు, బోల్టులు అర కిలో, పురికొస, పట్టుకారు.
- గడియారం, కాగితం, కలం.

జ్వరం చూసే థర్మామీటరును దీనికి వాడకండి. దాని కొలత సుమారు 35 నుంచి 42 డిగ్రీల వరకే. వేడినీళ్లలో ముంచితే గాజుది పగిలి పాదరసం బయటపడుతుంది. కరోనా రోజుల్లో ఇంటింటికీ వచ్చిన తుపాకీ థర్మామీటరు కూడా పనికిరాదు. అది చూసేది ఉపరితలాన్నే. మెరిసే స్టీలు మీద అసలు పొంతన లేని అంకెలు చూపిస్తుంది.

ప్రయోగశాలలో రాగి కెలోరీమీటరు (ఉష్ణాన్ని కొలిచే ప్రయోగాలకు వాడే పాత్ర) దొరికితే సంతోషం. కానీ ఇంట్లో థర్మోకోల్ కప్పే దానికన్నా నయం. ఖాళీ కప్పు బరువు కొద్ది గ్రాములే కాబట్టి అది తాగే వేడి లెక్కకు రానంత తక్కువ.

మొదటి భాగం: నీళ్లలో నీళ్లు

లోహంతో మొదలుపెట్టాలని చాలామందికి ఉబలాటం. ముందు నీళ్లతో చేయండి. జవాబు ముందే తెలుసు కాబట్టి మీ చేతి పొరపాట్లు ఇక్కడే బయటపడతాయి.

1. థర్మామీటరును పరీక్షించండి. దంచిన మంచు, కాసిని నీళ్లు కలిపిన గుజ్జులో 0 చూపాలి. మరిగే నీళ్లలో విశాఖలో 100 దగ్గర, హైదరాబాదులో 98 దగ్గర చూపుతుంది. హైదరాబాదు సముద్రమట్టానికి 500 మీటర్లకు పైగా ఎత్తులో ఉంది కాబట్టి అక్కడ నీరు కాస్త ముందే మరుగుతుంది. అది థర్మామీటరు లోపం కాదు. అన్నిచోట్లా ఒకే డిగ్రీ తేడా చూపితే బెంగపడకండి. మన లెక్కలో వచ్చేవన్నీ ఉష్ణోగ్రతల తేడాలే కాబట్టి ఆ దోషం దానంతటదే కొట్టుకుపోతుంది. అందుకే మొదటి నుంచి చివరి దాకా ఒకే థర్మామీటరు వాడండి. వేడికి ఒకటి, చల్లనికి ఒకటి పెట్టుకుంటే ఈ వెసులుబాటు పోతుంది.

2. ఫ్యాను ఆపండి. ఇది చిన్న విషయం అనిపిస్తుంది, కానీ ఫ్యాను గాలికి వేడినీళ్లు ఆవిరై చల్లారే వేగం చాలా పెరుగుతుంది.

3. జంట కప్పును కాటా మీద పెట్టి సున్నా చేసి 200 గ్రాముల చన్నీళ్లు పోయండి. మూత పెట్టి ఐదు నిమిషాలు వదిలేయండి. కప్పు, నీరు ఒక ఉష్ణోగ్రతకు వస్తాయి.

4. రెండో జంట కప్పులో ముందు కాసిని వేడినీళ్లు పోసి తిప్పి పారబోయండి. కప్పు వెచ్చబడుతుంది. ఆపైన 80 డిగ్రీలు దాటిన వేడినీళ్లు 200 గ్రాములు తూచి పోయండి. కొలపాత్రతో మిల్లీలీటర్లు కొలవకండి. 80 డిగ్రీల దగ్గర 200 మిల్లీలీటర్ల నీరు తూగేది సుమారు 194 గ్రాములే. మరుగుతున్న నీటిని మాత్రం నేరుగా పోయకండి, థర్మోకోల్ మెత్తబడుతుంది.

5. చన్నీళ్ల ఉష్ణోగ్రత చదివి రాసుకోండి. థర్మామీటరు తుడిచి వేడినీళ్లలో పెట్టండి. అంకె నిలకడగా దిగడం మొదలయ్యాక, పోయబోయే క్షణంలో ఎంత ఉందో అదే రాసుకోండి. పొయ్యి మీద ఉన్నప్పటి అంకె కాదు.

6. వేడినీళ్లను చన్నీళ్లలో ఒక్క ఊపున, చిందకుండా పోయండి. మూత పెట్టి థర్మామీటరుతోనే మెల్లగా కలపండి. గాజుదైతే కప్పు అడుగుకు కొట్టకండి. 15 సెకన్లకోసారి అంకె రాయండి. నిలకడగా వచ్చిన అత్యధిక అంకె మీ సమతాస్థితి ఉష్ణోగ్రత. ఆ తరువాత నెమ్మదిగా తగ్గేది గదితో జరిగే ఇచ్చిపుచ్చుకోవడం, మన లెక్కది కాదు.

7. మొత్తాన్ని మళ్లీ తూచండి. దాదాపు అందరూ వదిలేసే పని ఇది. మొత్తం బరువులోంచి కప్పు బరువు, 200 గ్రాముల చన్నీళ్లు తీసేస్తే నిజంగా కలిసిన వేడినీళ్లెంతో తెలుస్తుంది. కప్పుకు అంటుకున్న చుక్కలు, పోయిన ఆవిరి పోగా అది 196 కావచ్చు, 198 కావచ్చు. లెక్కలో వాడవలసింది ఆ అంకెనే.

లెక్క ఇలా: (వేడినీటి బరువు × దాని ఉష్ణోగ్రత + చన్నీటి బరువు × దాని ఉష్ణోగ్రత) ÷ మొత్తం బరువు. చెరి 200 గ్రాములు, 80, 30 అయితే (16,000 + 6,000) ÷ 400 = 55.

వచ్చిన అంకెను ఎలా చదవాలి?

లెక్క 55 చెప్పినప్పుడు మీకు 54 వస్తే చేయి బాగా కుదిరినట్టే. 53 అయినా ఫర్వాలేదు. 52 కంటే దిగితే ఎక్కడో వేడి కారుతోంది. మూత పెట్టలేదా, వేడినీటి అంకె ముందే రాసేశారా, కప్పు స్టీలుదా అని చూడండి.

లెక్క కన్నా ఎక్కువ, అంటే 56 వస్తే మాత్రం సంతోషించకండి. చన్నీళ్లున్న కప్పులోకి వేడినీళ్లు పోసినప్పుడు జరిగే నష్టాలన్నీ అంకెను కిందికే లాగుతాయి. పైకి వచ్చిందంటే కొలతే తప్పు. థర్మామీటరు మొన పూర్తిగా మునగకుండానే వేడినీళ్లు చదివి ఉంటారు, లేదా కాటాను సున్నా చేయడం మరచి ఉంటారు. తేడా ఎంత అనేదానికన్నా ఎటువైపు అనేదే ఎక్కువ చెబుతుంది.

స్టీలు గ్లాసు తప్ప మరేమీ లేదంటారా? దాన్ని కూడా లెక్కలోకి తీసుకోండి. స్టీలు విశిష్టోష్ణం సుమారు 0.12. వంద గ్రాముల గ్లాసు 12 గ్రాముల నీటితో సమానం. చన్నీళ్లు ఆ గ్లాసులో ఉంటే చన్నీళ్లు 200 కాదు, 212 అన్నట్టు. అప్పుడు జవాబు 55 బదులు 54.3. అదే వేడినీళ్లు ఆ గ్లాసులో ఉండి, వాటిలోకి చన్నీళ్లు పోస్తే గ్లాసు వేడినీళ్ల పక్షాన చేరుతుంది, జవాబు 55 దాటి 55.7 అవుతుంది. ఒకే గ్లాసు, అవే నీళ్లు, పోసే వరుస మారితే డిగ్రీకి పైగా తేడా. తరగతిలో ఇద్దరు పిల్లల అంకెలు కలవకపోతే ముందు ఎవరు దేనిలోకి పోశారో అడగండి.

ఇంకో పరీక్ష. ఈసారి చన్నీళ్లు 300, వేడినీళ్లు 100 తీసుకోండి. రెండు ఉష్ణోగ్రతలు కూడి రెండుతో భాగించే అలవాటున్నవారు మళ్లీ 55 అంటారు. రావలసింది 42.5. బరువులు సమానమైనప్పుడే సగటు పనిచేస్తుందని పది వాక్యాల్లో చెప్పినా ఎక్కని పిల్లవాడికి ఈ ఒక్క కొలతతో ఎక్కుతుంది.

రెండో భాగం: ఇనుము విశిష్టోష్ణం కనుక్కోవడం

తెలియనిదాన్ని ఇప్పుడు పట్టుకుందాం. ఇనుమును మరిగే నీటిలో కాచి చల్లని నీటిలో వేసి, నీరు ఎంత వేడెక్కిందో చూసి, ఇనుము ఎంత ఉష్ణం మోసుకొచ్చిందో తేల్చడమే మిశ్రమాల పద్ధతి.

వస్తువు ఎంపిక దగ్గరే సగం పని అయిపోతుంది. కిరాణా కొట్టు తూకం రాయి చూడగానే బాగుందనిపిస్తుంది, బరువు దాని మీదే రాసి ఉంటుంది కూడా. కానీ పోత ఇనుప రాళ్లలో బరువు సరిచేయడానికి చిన్న గుంటలో సీసం నింపుతారు, పైన రంగు వేస్తారు. పైగా అది మందం, లోపలి వేడి బయటికి రావడానికి సమయం తీసుకుంటుంది. చిన్న బోల్టులు అరనిమిషంలో వేడి వదిలేస్తాయి. వాటితో ఉన్న చిక్కు తడి. మరలలో, నట్ల సందుల్లో మరిగే నీళ్లు అంటుకుని వస్తాయి. ఈ చిక్కు తూకంతో తీరుతుంది కాబట్టి నా ఓటు బోల్టులకే. జిడ్డు, తుప్పు ఉంటే కడిగి ఆరబెట్టి వాడండి.

1. పొడి బోల్టులు తూచి (500 గ్రాములు అనుకుందాం) పురికొసకు గుత్తిగా కట్టండి. కొస పొడవు వదలండి.

2. మరిగే నీటిలో గుత్తి గిన్నె అడుగుకు తగలకుండా వేలాడదీసి పది నిమిషాలు ఉంచండి. అడుగుకు తగిలితే మంట వేడి నేరుగా తగిలి ఇనుము నీటికన్నా ఎక్కువ వేడెక్కవచ్చు.

3. ఈలోగా థర్మోకోల్ డబ్బాలో 300 గ్రాముల నీళ్లు తూచి ఉంచండి. గుత్తి పూర్తిగా మునగాలి, అంతకు మించి నీరు వద్దు. నీరు ఎక్కువైతే ఉష్ణోగ్రత పెరుగుదల తగ్గి, అర డిగ్రీ పొరపాటు కూడా పెద్దదైపోతుంది.

4. మరిగే నీటి ఉష్ణోగ్రతను మీ థర్మామీటరుతోనే చదవండి. పుస్తకంలో 100 ఉందని 100 రాసేయకండి. తరువాత థర్మామీటరును చల్లార్చి, తుడిచి, చన్నీళ్ల ఉష్ణోగ్రత చదవండి.

5. గుత్తిని పైకెత్తి, ఆవిరిలోనే ఉంచి ఒక్కసారి గట్టిగా విదిలించి, వెంటనే చన్నీళ్లలోకి దించండి. రెండు మూడు సెకన్లకు మించకూడదు. డబ్బాను పొయ్యికి దగ్గరగా, కానీ మంట సెగ తగలనంత ఎడంగా పెట్టుకోండి. ఈ ఒక్క పని పెద్దలే చేయాలి. వేడి ఇనుమును గాజు ఫ్లాస్కులో మాత్రం ఎప్పుడూ వేయకండి, లోపలి గాజు పగులుతుంది.

6. మూత పెట్టి గుత్తిని కొసతో పైకీ కిందికీ ఆడిస్తూ 15 సెకన్లకోసారి చదవండి. అత్యధిక అంకె రాయండి.

7. మొత్తం తూచండి. డబ్బా, 300 గ్రాముల నీరు, 500 గ్రాముల ఇనుము తీసేయగా ఇంకా నాలుగు గ్రాములు మిగిలిందంటే, అది బోల్టులు వెంట తెచ్చిన మరిగిన నీరు. పురికొస నీళ్లు పీలుస్తుంది కాబట్టి పొడి కొస బరువు కూడా ముందే చూసి ఉంచుకుని దాన్నీ తీసేయండి.

ఒక ఉదాహరణ లెక్క చూడండి. మొదట నీరు 28 డిగ్రీలు, ఇనుము 99, చివరికి 39.4.

నీరు గ్రహించినది: 300 × 11.4 = 3,420 కెలోరీలు.
వెంట వచ్చిన నాలుగు గ్రాముల వేడినీరు ఇచ్చినది: 4 × 59.6 = సుమారు 238.
మిగిలినది ఇనుము ఇచ్చినది: 3,182.
ఇనుము విశిష్టోష్ణం: 3,182 ÷ (500 × 59.6) = సుమారు 0.107.

పోల్చడానికి: ఇనుము 0.11 దగ్గర, రాగి, ఇత్తడి 0.09 దగ్గర, అల్యూమినియం 0.21 నుంచి 0.22, సీసం 0.03. ఇంటి ప్రయోగంలో పదిశాతం లోపు తేడా ఉంటే చాలా మంచి ఫలితం.

ఆ నాలుగు గ్రాముల చుక్కలను లెక్కలో తీసుకోకపోతే జవాబు 0.115 వచ్చేది. దాదాపు ఏడు శాతం తేడా! అయిదు వందల గ్రాముల ఇనుము వేడిని మోయడంలో 55 గ్రాముల నీటితో సమానం. దాని పక్కన నాలుగు గ్రాముల నీరు చిన్నదేమీ కాదు. ఇంకో తమాషా ఉంది. చుక్కలు జవాబును పెంచుతాయి, గాలికి పోయే వేడి తగ్గిస్తుంది. రెండు తప్పులూ సరిసమానంగా పడితే పుస్తకంలో అంకె అచ్చంగా వచ్చేస్తుంది, పిల్లవాడికి పూర్తి మార్కులూ వస్తాయి. అందుకే ఒక్కసారి వచ్చిన అందమైన జవాబును నేను నమ్మను. నీటి బరువు మార్చి, 300 బదులు 400 గ్రాములతో ఇంకోసారి చేయమంటాను. అప్పుడు కూడా దగ్గరగా వస్తేనే అది జవాబు.

*తడి గొడవ వద్దనుకుంటే:* పొడి బోల్టులను మూత ఉన్న చిన్న స్టీలు డబ్బాలో వేసి, ఇడ్లీ పాత్రలో ఆవిరి మీద అరగంట ఉంచండి. థర్మామీటరు మొన బోల్టుల మధ్య పెట్టి చదవండి. 95 దాటి నిలకడగా ఉంటే డబ్బాను పట్టుకారుతో ఎత్తి బోల్టులను మాత్రం నీళ్లలో కుమ్మరించండి. ప్రయోగశాలలో సీసపు గుళ్లను ఆవిరి గొట్టంలో వేడిచేసేది కూడా ఇలా పొడిగా ఉంచడానికే.

గాలికి పోయే వేడిని తగ్గించే చిట్కా

చన్నీళ్లను గది ఉష్ణోగ్రత కన్నా కాస్త చల్లగా తీసుకోండి. చివరి ఉష్ణోగ్రత గది కన్నా ఎంత పైకి పోతుందో, మొదలు అంత కిందికి ఉంటే మొదట్లో గది నుంచి వచ్చే వేడి, చివర్లో గదికి పోయే వేడి చాలావరకు కొట్టుకుపోతాయి. రమ్‌ఫర్డ్ అనే శాస్త్రవేత్త పేరుతో చెప్పుకునే పాత పద్ధతి ఇది. వేసవిలో కుండ నీళ్లు దీనికి చక్కగా సరిపోతాయి. ఫ్రిజ్ నీళ్లయితే జాగ్రత్త. కోస్తాలో ఉక్కపోత రోజుల్లో పాత్ర బయట చెమట పడుతుంది. గాలిలోని ఆవిరి నీరుగా మారుతూ పాత్రకు వేడి ఇస్తుంది, తూకమూ పెంచుతుంది. బయట తడి కనిపిస్తే ఆ కొలత వదిలేసి కొంచెం వెచ్చని నీళ్లతో మొదలుపెట్టండి.

స్నానానికి ఎన్ని చెంబులు?

ఇదే లెక్కను తిరగేస్తే బకెట్టుకు పనికొస్తుంది. గీజరు నీళ్లు 60, కుళాయి నీళ్లు 25, కావలసినది 40 అనుకోండి. చన్నీళ్ల వంతు 60 − 40 = 20, వేడినీళ్ల వంతు 40 − 25 = 15. నాలుగు చెంబుల చన్నీళ్లకు మూడు చెంబుల వేడినీళ్లు. బకెట్టులో ముందు చన్నీళ్లే పోయండి. 60 డిగ్రీల నీరు కొద్ది క్షణాల్లోనే చర్మాన్ని కాలుస్తుంది. పసిపిల్లలకు 37, 38 డిగ్రీలు చాలు. లెక్క ఎంత సరిగా చేసినా బాగా కలిపి మోచేత్తో చూశాకే బిడ్డను దించండి.

మంచు వేస్తే ఈ సూత్రం చాలదు

30 డిగ్రీల నీరు 200 గ్రాములు, 0 డిగ్రీల మంచు 50 గ్రాములు కలిపి పై సూత్రంలో వేస్తే 24 వస్తుంది. థర్మామీటరు చూపేది 8 దగ్గర. మంచు ముందు కరగాలి, గ్రాముకు 80 కెలోరీలు అందుకే పోతాయి, ఉష్ణోగ్రత మాత్రం పెరగదు. స్కాట్లండ్ శాస్త్రవేత్త జోసెఫ్ బ్లాక్ 1760లలో తేల్చిన విషయం ఇది. లెక్క: నీటి దగ్గర ఉన్నది 6,000, కరగడానికి పోయేది 4,000, మిగిలిన 2,000ను 250 గ్రాములకు పంచితే 8.

ఇది చేసి చూసేటప్పుడు మంచును ఫ్రీజర్ నుంచి తీసి నేరుగా వేయకండి, అది సున్నా కన్నా చాలా చల్లగా ఉంటుంది. పైన తడి మెరిసేదాకా గదిలో ఉంచి, పొడి గుడ్డతో ఒత్తి, ఆ క్షణంలోనే నీళ్లలో వేయండి. మంచు బరువు ముందు తూచవద్దు. అంతా కరిగాక మొత్తం తూచి 200 తీసేయండి. థర్మామీటరు అంకె లెక్క కన్నా రెండు మూడు డిగ్రీలు పైన వస్తే గుడ్డతో సరిగా ఒత్తలేదని అర్థం. అంటుకుని ఉన్న నీటిని కూడా మంచు కిందే లెక్కకట్టారు.